తాడు చివర టోపీ మనిషి

మీ ఆఫీసు వరండాలో ఎడమచేతి గోడను వచ్చే నెలలో పగలగొడుతున్నారని విన్నాను. లిఫ్టు పెడతారట. పెట్టండి, మంచిదే. మెట్లెక్కలేక మధ్యలో మోకాళ్లు పట్టుకుని కూలబడే ముసలివాళ్లను నేనూ చూశాను, ఇప్పుడు నేనూ వాళ్లలో ఒకణ్ని. గోడ కూల్చొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఎట్లా కూల్చాలో చెప్పడానికి రాస్తున్నాను.

మీలో కొత్తగా చేరిన ఇంజినీరు పిల్లలకు నేనొక తమాషాగా తెలిసి ఉంటాను. ప్రతి ఎండాకాలం ఒకరోజు, ఏ సెక్షన్‌లోనూ పని లేకుండా వచ్చి, ఆ గోడకు రెండు చేతులూ ఆనించి పొద్దుగూకేదాకా నిలబడే రిటైర్డు మనిషిని నేనే. పోయిన ఏడు మీలో ఒకమ్మాయి జాలిపడి కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోవడానికి వీల్లేదమ్మా అన్నాను. "ఎందుకు సార్?" అని అడిగింది. ఆ రోజు చెప్పలేదు. చెబితే కుర్చీ తీసేసి డాక్టరుకు ఫోన్ చేస్తుందని భయం. ఇప్పుడు చెప్పక తప్పదు.

ఆ బిల్డింగు కట్టినప్పుడు నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. పాలమూరు జిల్లా ముక్కలై కొత్త జిల్లాలు వచ్చిన కాలం. ఎక్కడ చూసినా కొత్త ఆఫీసులు లేస్తున్నాయి. నన్ను నల్లగొండ దిక్కు నుంచి తీసుకొచ్చి కొల్లాపూర్ పక్కన పడేశారు. మాది పానగల్, మగ్గాల ఇల్లు. బాపు నేసినంత కాలం నేశాడు, నేను సర్కారు కొలువులో పడ్డాను. వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటే ఎవరో మీకు తెలుసు. సిమెంటు బస్తా తడిస్తే తిట్లు తినేవాడు. గోడ నిటారుగా లేస్తే ఆ పేరు ఇంకొకరికి పోతుంది. ఎండకు తాళలేక నెత్తిన ఎప్పుడూ ఒక ఖాకీ టోపీ పెట్టుకునేవాణ్ని. ఆ టోపీని గుర్తు పెట్టుకోండి, దానితో పని ఉంది.

పని చివరికొచ్చిన రోజుల్లో పెద్ద సారు ఒకాయన వచ్చి వరండాలో ఖాళీ గోడ చూసి, ఇక్కడివాళ్ల బొమ్మ ఏదైనా వేయించండి అన్నాడు. ఆయన అని వెళ్లిపోయాడు, మా ఏఈ సారుకు నిద్ర పోయింది. వెతగ్గా వెతగ్గా కృష్ణ మీది అడవిలో ఒక చెంచు అవ్వ ఉందని తెలిసింది. చెంచుల గూడేన్ని పెంట అంటారు. ఆ పెంటలో అన్ని గుడిసెల గోడల మీదా ఆమె చేతి బొమ్మలే అన్నారు. జీపు పంపించారు.

అవ్వ వచ్చింది, వెంట కోడలు వచ్చింది. అవ్వ సన్నటి మనిషి, మాట తక్కువ. వచ్చి గోడ దగ్గరికి రాలేదు. గడపలో కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. మధ్యాహ్నం దాటింది. నాకు ఒళ్లు మండుతోంది.

"అవ్వా, సున్నం ఆరింది, గోడ తయారుగున్నది. ఇగ మొదలువెట్టరాదు?" అన్నాను.

"గీ గోడకు ఇసుక యాడికెళ్లి తెచ్చిండ్రు కొడుకా?" అని అడిగింది.

"కృష్ణ ఒడ్డు నుంచి."

లేచి వచ్చి గోడకు చెవి ఆనించింది. "మా దిక్కుదే," అంది చివరికి. "మంచి నిద్రల ఉన్నది. మెల్లగ లేపాలె."

తలుపులకు రంగులేస్తున్న కొత్తకోట పెయింటరు పకపకా నవ్వాడు. హైవే మీద ధాబా బోర్డులు రాసే మనిషి అతను. చేయి మంచిది, నోరు ఆగదు. "గోడ లేస్తదట సార్. లేచినంక చాయ్ పోయాలె దానికి," అన్నాడు.

అవ్వ తెల్లమట్టి, ఎర్రమట్టి, బొగ్గు తెచ్చుకుంది. కొబ్బరి చిప్పల్లో బంకతో కలిపి, వేళ్లతోనూ నమిలిన పుల్లతోనూ గీసింది. గీస్తున్నంతసేపూ తనలో తాను మాట్లాడుకున్నట్టు చెప్పేది. "గీడ మా అత్తకు పులి ఎదురైంది. అత్త నవ్వింది. పులికి సిగ్గైంది, పోయింది." ఒక వంకర గీత గీసి, "గీ వాగుల నేను పెండ్లికి ముందు జారిపడ్డ" అనేది. ఒక చోట మాత్రం గుప్పెడంత జాగా ఖాళీగా వదిలి దాని చుట్టూ గీసుకుంటూ పోయింది. పెయింటరు ఉండబట్టలేక, "గీడ ఏదన్న చెట్టు ఏద్దామా అవ్వా? బోసిగున్నది," అన్నాడు.

"వద్దు. నా మొదటి బిడ్డ ఆడ పండుకున్నది. దానికి గాలి రావాలె," అంది అవ్వ.

పెయింటరు నవ్వడం మానేశాడు. కానీ ఖాళీ జాగా కనబడితే నింపాలనిపించడం అతని చేతిలోనే ఉంది, ఏం చేస్తాడు? బోర్డు మీద అంగుళం మిగిలినా పువ్వు వేసేవాడు.

నాకు మొదట్లో అది బొమ్మగా కనిపించలేదు. గీతలు, చుక్కలు, మరకలు. ఒక మిట్టమధ్యాహ్నం వరండా ఆ చివర నుంచి నడిచి వస్తుంటే ఉన్నట్టుండి గోడలో లోయ కనిపించింది. అబ్బా, ఎంత లోతు! రెండడుగులు వెనక్కి వేసి కిటికీ చువ్వ పట్టుకున్నాను. మళ్లీ చూస్తే మామూలు గోడే. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి వాచ్‌మన్ కుక్క కూడా ఆ వరండా దాటేది కాదు. ఇవతలే కూర్చుని గోడ అడుగుభాగం వైపు చూస్తూ సన్నగా మూలిగేది. వాచ్‌మన్ దాన్ని తిట్టేవాడు గానీ తానూ అటు దిక్కు చుట్టు తిరిగే పోయేవాడు.

అసలు రోజు గురించి చెబుతాను. మర్నాడు పెద్ద సారు రావాలి. పొద్దున్నే అవ్వా కోడలూ వచ్చారు. కొండచరియ అప్పటికే అయిపోయింది, దాని కింద నల్లగా వేలాడే తేనెపట్లు కూడా అయిపోయాయి. అవ్వ ఆ పొద్దున చరియ మధ్యలో వేలాడుతున్న ఒక మనిషిని గీసింది. అతని నడుము నుంచి పైకి, చరియ అంచుదాకా, తెల్లగా మూడు పేటల తాడు గీసింది.

"ఇయ్యాల నా కొడుకు తేనెకు దిగుతుండు. పొద్దు వాలినంక," అంది నాతో. "మా అవ్వగారింట్ల ఒక పద్ధతున్నది. ఆడ దిగెటోన్ని ఈడ గూడ దించాలె. ఆడ ఎక్కినంక ఈడ తడిచెయ్యితోని తుడవాలె, కిందికెళ్లి మీదికి. తుడిస్తెనే ఎక్కినట్టు."

చెంచులందరూ ఇట్లా చేస్తారని నేననను. అది ఆమె పుట్టింటి పద్ధతి. "మరి మిగతా బొమ్మ?" అని అడిగాను, నా ఫికర్ నాది.

"మిగతది ఉంచుకోండ్రి. జాగ యాడికి పోతది?"

తాడు పై కొస చరియ అంచు మీద ఉత్తగా వదిలేసి ఉంది. పట్టుకున్న మనిషి లేడు. "తాడు పట్టెటోడు ఏడి అవ్వా?" అన్నాను.

"ఆన్ని గియ్యొద్దు. ఆడు ఆడ ఉన్నడు గదా, నా కోడలి తమ్ముడు. తాడు ఎవల చేతికంటె ఆళ్ల చేతికియ్యరు కొడుకా. దిగినోని పెండ్లం తోడబుట్టినోడే పట్టాలె. వాడైతె తన అక్క బొట్టు తుడువడు గదా."

ఇదంతా విన్నది నేనొక్కణ్నే. పెయింటరు ఇంకా కొత్తకోట బస్సు దిగలేదు. బువ్వ వేళకు అత్తాకోడళ్లు బయట వేపనీడకు పోయారు. నన్ను మేస్త్రీ పైకి పిలిచాడు, నీళ్ల ట్యాంకు కారుతోందని. పనివాళ్లు కూడా నీడ చూసుకుని పడుకున్నారు. ఎండ ఎంత గట్టిగా ఉందంటే కాకి కూడా అరవడం లేదు. నేను రెండు గంటలు ట్యాంకుతో తంటాలు పడి కిందికి వచ్చేసరికి వరండా అంతా వార్నిష్ వాసన.

పెయింటరు బ్రష్షు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "చూడుండ్రి సార్. మట్టి రంగు, చెయ్యి తాకితె రాలుతున్నది. రేపు పెద్ద సారు భుజానికంటుకుంటె మన పని ఖతం. తలుపులకు మిగిలిన వార్నిష్ రెండు చేతులు కొట్టిన. ఇగ పదేండ్లు కదలదు," అన్నాడు.

గోడ తడిసినట్టు మెరుస్తోంది. మెరుపులో లోయ మునుపటికంటే లోతుగా ఉంది. నా కళ్లు పైకి పోయాయి. తాడు కొస ఇప్పుడు ఉత్తగా లేదు. చరియ అంచు మీద ఒక మనిషి నిలబడి రెండు చేతులతో తాడు పట్టుకుని ఉన్నాడు. బొజ్జ, జేబులో పెన్ను, నెత్తిన ఖాకీ టోపీ. నేనే.

"అవ్వ మర్చిపోయినట్టున్నది సార్, తాడు గాలిల ఉన్నది. మీరైతె మంచిగుంటదని..." అని సిగ్గుపడుతూ నవ్వాడు. నాకు గౌరవం చేశాననుకున్నాడు, పాపం.

నేను తిట్టేలోపే అత్తాకోడళ్లు లోపలికి వచ్చారు.

అవ్వ నేరుగా గోడ దగ్గరికి పోయింది. వేలాడుతున్న మనిషి మీద చెయ్యి పెట్టి చూసింది. వార్నిష్ ఎండకు అప్పటికే బిగిసింది. చెయ్యి తడిచేసి రుద్దింది, రాలేదు. పైకి చూసింది. "వీడెవడు?" అంది, నేను పక్కనే ఉన్నా నా వైపు చూడకుండా. "గీ టోపీ మనిషి ఎవడు? నా కొడుకు తాడు వీని చేతికి ఎవలిచ్చిండ్రు?"

కోడలు ఉన్నచోటే కూలబడింది. "అత్తా, పొద్దు వాలింది," అంది. ఆ మాట అన్న తీరు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. చరియ దగ్గర ఫోన్లు పనిచేయవు. జీపు మీద పోయినా అడవి అంచు దాకానే, అక్కడి నుంచి నడక. మేము చేరేసరికి చీకటి పడుతుంది.

పొద్దున అవ్వ చెప్పింది పెయింటరుకు రెండు ముక్కల్లో చెప్పాను. సంగతి అర్థమైంది. "తుడుస్త అవ్వా, ఇప్పుడే తుడుస్త" అంటూ గుడ్డను టర్పెంటైన్‌లో ముంచి తాడు మీద పెట్టాడు. వార్నిష్ ఊడింది, దానితోపాటు కింద మట్టి రంగూ ఊడింది.

"ఆగు!" అని అరిచింది అవ్వ. "తాడు తెగుతది!"

పెయింటరు చెయ్యి లాగేసుకున్నాడు. మూడు పేటల తాడులో ఒక పేట వేలెడు మేర మాయమైంది. మిగిలిన రెండు పేటలు సన్నగా మిగిలాయి. ఇంకా తుడిస్తే తాడు తెగుతుంది, తుడవకపోతే మనిషి పైకి రాడు. పైన తాడు పట్టుకున్నది ఎవరికీ ఏమీ కాని ఒక సర్కారు మనిషి. నేను చదివిన చదువులో దీనికి మందు లేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ఇదంతా పిచ్చి అని ఒక్కసారి కూడా అనిపించలేదు. అప్పటికే గోడ మీద రెండు పెద్ద తేనెటీగలు వచ్చి గీసిన పట్ల చుట్టూ పాకుతున్నాయి. వార్నిష్ మీద కాళ్లు జారి పడి, మళ్లీ ఎగిరి అక్కడికే వస్తున్నాయి. ఎక్కడో ఆకులు కాలుతున్న పొగ వాసన వచ్చింది. ఆ చుట్టుపక్కల ఎవరూ ఏమీ కాల్చడం లేదు.

కోడలు లేచింది. మూట విప్పి జొన్నరొట్టె తీసింది. తుంచి సగం నా చేతిలో పెట్టి, సగం తాను పట్టుకుంది.

"తిను అన్నా," అంది.

అప్పటిదాకా నేను సారును. నాకు తోడబుట్టిన ఆడపిల్ల లేదు. ఆ పిలుపు నాకు కొత్త. రొట్టె తిన్నాను. ఆమె కూడా తన సగం తింది. అవ్వ మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

"ఇప్పుడు చెప్పు. గీమె నీకేమైతది?"

"చెల్లె," అన్నాను.

"కింద ఏలాడెటోడు?"

"బావ."

"అట్లైతె పట్టు," అంది అవ్వ. "నేను ఇడువుమనేదాక ఇడువకు."

చరియ అంచు సరిగ్గా నా తల ఎత్తులో ఉంది. టోపీ మనిషి పిడికిళ్ల మీద నా రెండు చేతులూ పెట్టాను. ఎండలో ఉన్న గోడ వేడిగా ఉండాలి. మంచులా చల్లగా ఉంది. అంతకు మించి ఏమీ లేదు. కొంతసేపటికి భుజాలు నొప్పి పుట్టాయి, సిగ్గు కూడా పుట్టింది. పనివాళ్లు లేచి వచ్చి దూరంగా నిలబడి చూస్తున్నారు. రేపటికి ఇంకా టైల్స్ కడగాలి, జెండా కర్ర నాటాలి. నేను గోడకు బల్లిలా అతుక్కుని ఉన్నాను.

అప్పుడే ఏఈ సారు వచ్చాడు. చిన్నవాడు, మంచివాడే, పెద్ద సారు పేరు చెబితే చెమటలు పట్టే మనిషి. "ఏందయ్యా ఇది? గోడ పడిపోతదని పట్టుకున్నవా? పైన టైల్స్ చూసేటోడు లేడు. నడువు!" అన్నాడు.

"జరసేపు సార్," అన్నాను.

"జరసేపు లేదు, గిరసేపు లేదు. ఇప్పుడు రాకపోతే మెమో ఇస్త. రిటైర్మెంటు ముందర అవసరమా నీకు?"

అవసరం లేదు. నిజంగానే లేదు. నా కుడి చెయ్యి గోడ మీద నుంచి లేచింది కూడా. చెల్లె "అన్నా" అంది, చిన్నగా. ఆ చెయ్యి మళ్లీ పెట్టాను.

పెట్టీ పెట్టగానే బరువు వచ్చింది.

ఎట్లా చెప్పాలి? మా ఇంట్లో పడుగు సాగదీసేటప్పుడు బాపు అవతలి కొస నా చేతికిచ్చేవాడు. అటు నుంచి ఒక్కసారిగా బిగిస్తే చిన్నప్పుడు ముందుకు తూలేవాణ్ని. అట్లా బిగిసింది. పడుగు బరువు కాదు అది, నిండు మనిషి బరువు. అరచేతుల్లో ఏదో గరుకుగా జారింది, మంట మండింది. పిడికిళ్లు వాటంతట అవే బిగుసుకున్నాయి. చదునైన గోడ మీద పిడికిలి ఎట్లా బిగుస్తుందని అడగకండి. నాకు తెలియదు.

"సార్, కాళ్లు!" అని పెయింటరు అరిచాడు.

నేల మీద టైల్స్ కోసిన తెల్లపొడి ఉంది. నా చెప్పులు ఆ పొడిలో గోడ వైపు జారుతున్నాయి. నేను వెనక్కి తన్నిపెడుతున్నాను, అవి ముందుకు పోతున్నాయి. నా నుదురు గోడకు తగిలింది. ఆ దగ్గర నుంచి కింద చూస్తే అది గోడ కాదు. చల్లటి గాలి ముఖానికి కొడుతోంది. ఎంతో కింద చెట్ల తలలు కదులుతున్నాయి. ఎవరో "ఓ..." అని పిలుస్తున్నారు. నాకు ప్రాణాలు పోయినంత భయమేసింది. వదిలేద్దామనిపించింది. వదిలితే నేను బతుకుతాను, అది కూడా తెలుసు.

పెయింటరు పరిగెత్తుకొచ్చి వెనక నుంచి నా నడుము చుట్టేశాడు. "పట్టుండ్రి సార్, ఇడువకుండ్రి, మీ కాళ్లు మొక్కుత," అని ఏడుస్తున్నాడు. అవ్వ గోడ పక్కన కూర్చుని కొడుకుతో మాట్లాడుతున్నట్టు మెల్లగా చెబుతోంది. "మీదికి రా బిడ్డా. కాలు ఆడ పెట్టు. ఆ చెట్టు వేరు పట్టు. మీ బామ్మర్ది పట్టుకున్నడు, రా." ఏఈ సారు మెమో మాట మళ్లీ ఎత్తలేదు. అతని చూపు నా మీద లేదు, నేల మీద పొడిలో పడిన రెండు చారల మీద ఉంది.

ఎంతసేపో తెలియదు. వరండాలో ఎండ ఎర్రబడింది. బరువు కొద్దికొద్దిగా తేలికై, ఒక్కసారిగా లేకుండా పోయింది. నేనూ పెయింటరూ కలిసి వెల్లకిలా పడ్డాం.

"ఎక్కిండు," అంది అవ్వ. "ఇగ ఇడువు కొడుకా."

చెల్లె వచ్చి నా అరచేతులు తిప్పి చూసింది. రెండింటికీ అడ్డంగా ఎర్రటి వాతలు. తన కొంగు నీళ్లలో ముంచి వాటి మీద వేసింది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంతమంది ముందు ఇంత పెద్ద మనిషి ఏడ్వడం ఏమిటని నాకు అప్పుడేమీ అనిపించలేదు.

మర్నాడు పెద్ద సారు వచ్చాడు. బొమ్మ ముందు ఫోటో దిగాడు, బాగుందన్నాడు. "ఈ టోపీ పెట్టుకున్నాయన ఎవరు?" అని అడిగాడు. ఏఈ సారు నా వైపు చూశాడు. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను.

"బామ్మర్ది సార్," అన్నాడు పెయింటరు.

"ఎవరి బామ్మర్ది?"

జవాబు వినే తీరిక ఆయనకు లేదు, కారెక్కాడు.

ఆ తర్వాతి రోజు బావ వచ్చాడు. తేనెటీగలు కుట్టి ముఖం ఉబ్బి ఉంది, చేతిలో తేనె సీసా. గోడ వైపు ఒక్కసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. నా చేతులు చూశాడు. ఆ రోజు చరియ మీద ఈగలు లేచి పై మనిషి మీద పడ్డాయట. చెల్లె తమ్ముడు ఆ బాధకు ఓర్చుకోలేక తాడు వదిలి అంచు దగ్గరే స్పృహ తప్పి పడిపోయాడు, రాత్రికి గానీ తేరుకోలేదు. తాడు జరజరా జారింది. జారి ఆగింది.

"నేను మీదికొచ్చి చూస్తె తాడు పట్టుకున్నోడు ఎవడు లేడు," అన్నాడు బావ. "చెట్టుకు గూడ కట్టిలేదు. తాడుల ఒక పేట తెగున్నది, గంతే." వేలెడు మేర అని వేలుతో చూపించాడు.

మీరు ఇంజినీర్లు. నున్నటి టైల్స్ మీద పొడి ఉంటే చెప్పులు జారుతాయని, వార్నిష్ ఆవిరికి తల తిరుగుతుందని మీరు అంటారు. అనండి. ఆ మాటలన్నీ నేను నాతో ఎన్నోసార్లు అనుకున్నాను, చేతుల మీద వాతలు మానేదాకా అనుకున్నాను. మానాక అనుకోవడం మానేశాను.

పోయేముందు అవ్వ నన్ను గోడ దగ్గరికి పిలిచింది. "ఆడ ఎక్కిండు. ఈడ మాత్రం ఎక్కలే, చూడు. ఏలాడుతనే ఉన్నడు," అంది. వార్నిష్ కింద ఆ మనిషి నిజంగానే అట్లాగే ఉన్నాడు. "గోడ ఉన్నన్ని దినాలు ఆడు దిగినప్పుడల్ల నువ్వు పట్టాలె. అన్నవైనవు గదా, ఇగ తప్పదు."

తప్పించుకోలేదు. సర్వీసు ఉన్నన్నాళ్లు ఆ గోడను కాపాడుకున్నాను. కరెంటు పైపు అక్కడి నుంచే తీస్తామన్నవాళ్లతో కొట్లాడాను, ఏసీ బిగించడానికి వచ్చినవాణ్ని వెళ్లగొట్టాను, సున్నం వేయబోయినవాడి చేతిలో బకెట్ లాక్కున్నాను. పిచ్చి ముసలాయన అని పేరొచ్చింది, రానీ. ఏటా తేనె కాలంలో చెల్లె అడవి అంచుకు వచ్చి ఫోన్ చేస్తుంది. "అన్నా, ఇయ్యాల దిగుతుండు" అంటుంది. నేను బస్సెక్కి వస్తాను. కొన్నేళ్లు బరువే రాదు. కొన్నేళ్లు వస్తుంది. కుర్చీ వేసిన అమ్మాయీ, నువ్వు చూసిన రోజు వచ్చింది. అందుకే కూర్చోవడానికి వీల్లేదమ్మా అన్నాను.

అవ్వ పోయింది. పోయే ముందు, గోడ ఎప్పుడన్నా కూల్చాల్సి వస్తే ఏం చేయాలో చెల్లెకు చెప్పి పోయింది. లిఫ్టు మాట తెలియగానే నేను చెల్లెకు చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

గోడ కూల్చే రోజు ముందుగా నాకు కబురు చేయండి. చెల్లె వస్తుంది, బావను వెంటబెట్టుకొస్తుంది. అవ్వ బిడ్డ పడుకున్న ఖాళీ జాగా ఉన్న ముక్కను పగలకుండా తీసి చెల్లె చేతికివ్వండి, తను అడవికి తీసుకుపోతుంది. తర్వాత కింద నుంచి మొదలుపెట్టండి, ముందు లోయ, తర్వాత చరియ. వేలాడే మనిషి దగ్గరికి వచ్చాక అందరూ ఒక్క నిమిషం ఆగండి. బావ నా పక్కన నేల మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడి, నా భుజం మీద చెయ్యి వేస్తాడు, బావ నేల మీదే ఉన్నాడని తెలిస్తేనే నేను తాడు వదలగలను. నా భుజాలకు మునుపటి సత్తువ లేదు, వెనక నుంచి నడుము పట్టుకోవడానికి కొత్తకోట పెయింటరు వస్తానన్నాడు. అతనిప్పుడు ఖాళీ జాగా కనబడితే కుంచె కడిగేసి ఇంటికి పోతాడట.

నా చేతులు తాడు కొస మీద ఉంటాయి. నేను నా నోటితో "ఇడిచిన" అనేదాకా మీలో ఎవరూ మళ్లీ సుత్తి ఎత్తకండి.